రాజు పేరు కొట్టివేసిన సభలు



మద్రాసు మౌంట్ రోడ్డు పక్కన ప్రభుత్వ ఎస్టేట్‌లో ఎత్తైన స్తంభాలతో, వెడల్పాటి మెట్లతో ఒక పాత హాలు ఉంది. ఇప్పుడు దాన్ని రాజాజీ హాలు అంటారు. ఈస్టిండియా కంపెనీ గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ కాలంలో, 1802 నాటికి, విందుల కోసం కట్టిన హాలు అది. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మీద వచ్చిన గెలుపుకు గుర్తుగా కట్టారు. 1799 నాటి ఆ గెలుపుతోనే కోయంబత్తూరు సీమ కంపెనీ చేతికి చిక్కింది. అన్నూరు రైతు, అవినాశి రైతు, సత్యమంగలం రైతు తమ శిస్తు ఎవరి ఖజానాకు కట్టాలో తేల్చిన యుద్ధమది. ఆ యుద్ధానికి కట్టిన విజయ చిహ్నంలోనే, 137 ఏళ్ల తర్వాత, మద్రాసు శాసనసభ కూర్చుని బ్రిటిష్ ప్రభుత్వానికి ఎదురు చెప్పింది.

అది 1939 అక్టోబర్. సెప్టెంబర్ 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఒక్క శాసనసభను అడగలేదు, ఒక్క నాయకుణ్ణి సంప్రదించలేదు. అక్టోబర్ నెలాఖరులో ప్రధాని రాజగోపాలాచారి, అంటే రాజాజీ, మద్రాసు సభలో తీర్మానం పెట్టాడు. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని యుద్ధంలోకి దించినందుకు ఆ తీర్మానం విచారం తెలిపింది. భారతదేశాన్ని స్వతంత్ర దేశంగా, తన రాజ్యాంగం తాను రాసుకునే హక్కున్న దేశంగా గుర్తించాలని అడిగింది. సభ దాన్ని ఆమోదించింది, మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. అక్టోబర్ 26 తర్వాత ఆ హాలులో సభ మళ్లీ చేరలేదు.

అన్నూరు చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలకు ఈ కథ దూరపు కథలా అనిపించవచ్చు. తెలుగువాళ్ల రాజకీయ చరిత్ర అనగానే అది కృష్ణా గోదావరి జిల్లాలదని, మనది వేరే లెక్క అని అనుకోవడం ఇక్కడ అలవాటైపోయింది. కానీ 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా కాకినాడకూ కోయంబత్తూరుకూ మదురైకీ శాసనసభ ఒక్కటే. ఆ సభలో కూర్చున్న తెలుగు నాయకులు చేసిన చట్టాలే అన్నూరులోనూ అమలయ్యాయి. వాళ్లు రాజుకు చేసిన ప్రమాణం, ఆ ప్రమాణాన్ని వదిలించుకున్న తీరు ఈ ఊరి చరిత్రలో కూడా భాగమే.

రాజు పేరు చెబితే తల వంచని పద్ధతి ఈ నేలకు శాసనసభల కంటే ముందే తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల వంశంలో పుట్టిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్ శిస్తు దగ్గర కంపెనీతో తగవు పడి, 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరికంబం ఎక్కాడు. దిండిగల్లు పక్క విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడు చుట్టుపక్కల పాలెగాళ్లను కూడగట్టాడు. 1800 జూన్‌లో కోయంబత్తూరు కోట మీద దాడి జరిగింది. అది విఫలమైంది. పట్టుబడినవాళ్లను ఉరితీశారు, మరుసటి ఏడు గోపాల నాయకుణ్ణీ ఉరితీశారు. వాళ్లకు సభ లేదు, తీర్మానం రాసే కాగితం లేదు. ధిక్కారం చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్నవి కత్తి, కోట, అడవి.

కాగితం మీద, చట్టసభ ద్వారా, రాజుకు విధేయత లేదని చెప్పడం వేరే సంగతి. దానికి ఒక ఉదాహరణ కోసం అట్లాంటిక్ తీరానికి వెళ్లాలి.

అమెరికాలోని బ్రిటిష్ వలసల్లో అన్నిటికంటే చిన్నది రోడ్ ఐలాండ్. ఓడల మీద, సముద్ర వ్యాపారం మీద బతికే జనం. 1772 జూన్‌లో, సుంకాల కోసం తమ ఓడల్ని పీడిస్తున్న గాస్పీ అనే బ్రిటిష్ నౌక తీరంలో ఇసుకకు ఆనుకుని ఆగిపోతే, రాత్రివేళ పడవల్లో వెళ్లి తగలబెట్టేశారు. నాలుగేళ్లకు, 1776 మే 4న, ప్రావిడెన్స్ పట్టణంలో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. జూలై 4 నాటి ప్రసిద్ధమైన స్వాతంత్ర్య ప్రకటనకు అది సరిగ్గా రెండు నెలల ముందు. సభలో దాన్ని వ్యతిరేకించినవాళ్లు కొద్దిమందే.

ఆ చట్టంలో పెద్ద ఆర్భాటం లేదు. రాజు పట్ల ప్రజల విధేయతను గట్టిపరచడానికి పూర్వం చేసిన ఒక చట్టాన్ని రద్దు చేసింది. రక్షణ, విధేయత రెండూ ఒకదానికొకటి బదులని, రక్షించాల్సిన రాజే సైన్యాన్నీ నౌకల్నీ పంపి ప్రజల్ని అణచాలని చూస్తే ఇక విధేయత ఎక్కడిదని ముందుమాటలో వాదించింది. ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టింది. ఉద్యోగ నియామక పత్రాల్లో, కోర్టు సమన్లలో, ఉద్యోగుల ప్రమాణాల్లో, ఇంతవరకు రాజు పేరు ఎక్కడెక్కడ వస్తోందో అక్కడల్లా తీసేసి వలస ప్రభుత్వం పేరు పెట్టమంది. కోర్టులు ఇక రాజుగారి కోర్టులు కావంది. సభ రికార్డుల చివర దేవుడు రాజును కాపాడుగాక అని రాసే చోట, ఐక్య వలసల్ని కాపాడుగాక అని రాశారు.

ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కానీ ఒక అప్పు దావాలో సమను ఎవరి పేరుతో వస్తుందో, జైలు వారంటు మీద ఎవరి పేరు ఉంటుందో, అక్కడే సామాన్యుడికి ప్రభుత్వం ఎదురవుతుంది. రోడ్ ఐలాండ్ సభ ఆ చోటే పట్టుకుంది. ఉపన్యాసాల కంటే ఆ కొట్టివేత బలమైనది.

మద్రాసు సభకు ఇంత సులువు కాలేదు. సుమారు పదమూడేళ్లు పట్టింది. ఆ పదమూడేళ్ల కథ ప్రమాణంతోనే మొదలవుతుంది.

1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకు ఎన్నికైన మంత్రివర్గాలను ఇచ్చింది, ఆ పైన గవర్నరుకు ప్రత్యేకాధికారాలూ ఇచ్చింది. 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. మద్రాసు శాసనసభలో 215 స్థానాలు, వాటిలో 159 కాంగ్రెస్‌వి. అంతవరకు మద్రాసును ఏలిన జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజాను, సొంత బొబ్బిలిలోనే, వి.వి. గిరి ఓడించాడు. ఓటు హక్కు మాత్రం అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు చూసి ఇచ్చేవారు. బావి కింద నాలుగెకరాలున్న రైతుకు ఓటు దొరికితే, ఆ చేలో పత్తి తీసే కూలీకి దొరకలేదు.

గెలిచినవాళ్లకు చట్టం ఒక షరతు పెట్టింది. సభలో కుర్చీ ఎక్కాలంటే చక్రవర్తికీ, ఆయన వారసులకూ నమ్మకంగా, విధేయంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. ఈ మనుషులు ఎవరు? 1927 డిసెంబర్‌లో మద్రాసులోనే జరిగిన కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమని తీర్మానించినవాళ్లు. 1930 జనవరి 26న ఊరూరా స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చదివినవాళ్లు. ఉప్పు చట్టాన్ని ధిక్కరించి జైలుకు పోయినవాళ్లు. అలాంటివాళ్లు చక్రవర్తి పేరు మీద ప్రమాణం ఎలా చేస్తారు?

దీనికి కాంగ్రెస్ వెతికిన దారి ఆలోచించదగ్గది. 1937 మార్చిలో ఎన్నికైన సభ్యులందరినీ ఢిల్లీకి పిలిపించింది. అక్కడ నెహ్రూ వాళ్ల చేత, సభ లోపలా బయటా దేశ స్వాతంత్ర్యం కోసమే పనిచేస్తామని ప్రతిజ్ఞ చేయించాడు. సభలో ప్రవేశానికి చేసే రాజవిధేయతా ప్రమాణం స్వాతంత్ర్య కోరికను ఏ విధంగానూ తగ్గించదని తీర్మానం రాసుకున్నారు. మొదటి మాట ప్రజలకు, రెండో మాట రాజుకు. మొదటిది ముందే చెప్పేశారు కాబట్టి రెండోదానికి కట్టుబాటు లేదన్నమాట. ఐర్లండు నాయకుడు డివలేరా కూడా 1927లో రాజు ప్రమాణాన్ని ఉత్త లాంఛనమని చెప్పి సంతకం పెట్టి సభలోకి వెళ్లాడు. 1933లో అధికారంలో ఉండగా ఆ ప్రమాణాన్నే చట్టం చేసి రద్దు చేశాడు.

ఇది నిజాయితీగల పనేనా అని అప్పుడే ప్రశ్నించినవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రమాణం చేసి దానికి కట్టుబడకపోవడం ఏ ధర్మశాస్త్రమూ ఒప్పుకోదు. అయితే ప్రమాణం చేయనివాడికి ప్రజలిచ్చిన కుర్చీ దక్కకుండా చేసే చట్టం కూడా ధర్మమైనది కాదు. ప్రజలు గెలిపించిన మనిషి గుమ్మం దగ్గర రాజును కీర్తించి గానీ లోపలికి రాకూడదంటే, ఆ మాట బలవంతాన పలికించినదే. బలవంతపు మాట మనిషిని కట్టివేయదు. ఢిల్లీలో బహిరంగంగా ముందే చెప్పేయడమే వాళ్లను కాపాడింది. వాళ్లు ఎవరినీ మోసగించలేదు.

గవర్నరు తన ప్రత్యేకాధికారాలు అనవసరంగా వాడనని మాట ఇవ్వాలని కాంగ్రెస్ పట్టుబట్టడంతో కొన్ని నెలలు ఆలస్యమైంది. ఆ మధ్య ఏప్రిల్ నుంచి జూలై దాకా కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక ప్రధానిగా ఉన్నాడు. 1937 జూలై 14న చెపాక్‌లోని విశ్వవిద్యాలయ సెనేట్ హౌస్‌లో కొత్త సభ కొలువుదీరింది. రాజాజీతో కలిపి పదిమంది మంత్రులు. అందులో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి, గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి, బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పాలన మంత్రి.

స్పీకరు కుర్చీలో కాకినాడ ప్లీడరు బులుసు సాంబమూర్తి కూర్చున్నాడు. ఈయన సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల ఏర్పాట్లు భుజాన వేసుకున్నప్పుడు, సభలకు కొంచెం ముందు ఆయన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. ఆయన పని వదలలేదు. చొక్కా విడిచి కొల్లాయి గుడ్డతో తిరిగే మనిషిగా తెలుగు జిల్లాలన్నిటికీ ఎరుక. అలాంటివాడు బ్రిటిష్ పార్లమెంటు పద్ధతిలో నడిచే సభకు అధ్యక్షుడయ్యాడు. ఉపసభాపతి రుక్మిణీ లక్ష్మీపతి. ఆమె వైద్యుడు ఆచంట లక్ష్మీపతి భార్య, వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన వనిత. రాజు పేరుతో ఏర్పడిన సభను రాజు జైళ్లలో ఉండి వచ్చినవాళ్లే నడిపించారు.

ఆ సభ ఇరవై ఏడు నెలల్లో చేసిన పనుల్లో కోయంబత్తూరు మెట్ట రైతుకు బాగా తగిలింది 1938 నాటి రైతు రుణ విమోచన చట్టం. 1932 అక్టోబర్ 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా తీరినట్టేనని ఆ చట్టం చెప్పింది. ఆర్థిక మాంద్యంలో పంట ధర పడిపోయి, అసలు కంటే వడ్డీ పెద్దదైపోయిన ఇళ్లకు అది ఊపిరి పోసింది. ఒక రైతు తన ప్రోనోటు తెచ్చుకుని కోర్టు ముందు నిలబడితే, వడ్డీ గళ్లు కొట్టేసి అసలు మాత్రం లెక్క కట్టేవారు. 1939 జూలైలో కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథయ్యరు హరిజనులను వెంటబెట్టుకుని మదురై మీనాక్షి గుడిలో ప్రవేశించినప్పుడు, ఆ పని చేసినవాళ్లకు చట్టరక్షణ ఇచ్చిందీ ఈ ప్రభుత్వమే.

తప్పులు కూడా చేసింది. బడుల్లో హిందీని నిర్బంధం చేసింది. నిరసన తెలిపినవాళ్లను, నిన్నటిదాకా తన మీదే ప్రయోగించిన చట్టాలతోనే జైళ్లకు పంపింది. తమిళ జిల్లాల్లో ఆ గాయం చాలాకాలం మానలేదు. రాజు యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లకు ఆ యంత్రం అలవాట్లు కూడా అంటుకున్నాయని ఒప్పుకోవాలి.

మళ్లీ 1939కి వద్దాం. చట్టం దృష్టిలో చూస్తే మద్రాసు సభ రోడ్ ఐలాండ్ సభ చేసిన పని చేయలేదు. రాజు పేరును ఏ కాగితం మీదా కొట్టివేయలేదు, ఆ అధికారం దానికి లేదు. కానీ రోడ్ ఐలాండ్ సభ వేసిన ప్రశ్నే వేసింది. మమ్మల్ని అడక్కుండా మా బిడ్డల్ని యుద్ధానికి పంపే రాజుకు మేమెందుకు విధేయులం? జవాబు రాకపోయేసరికి కుర్చీలు ఖాళీ చేసి వెళ్లిపోయింది. గవర్నరు ఎర్స్కిన్ 1935 చట్టం 93వ సెక్షన్ కింద పాలన తన చేతిలోకి తీసుకున్నాడు. సభ మళ్లీ సమావేశమైంది 1946 మే 24న, సెయింట్ జార్జి కోటలో. ఆరున్నర ఏళ్లు మద్రాసు రాష్ట్రానికి గొంతు లేదు.

పదవి, జీతం, అధికారం ఉన్నవాళ్లు వాటిని తమంతట తాము వదిలి రావడం చిన్న విషయం కాదు. వదిలినవాళ్లలో చాలామంది 1940, 41లలో వ్యక్తి సత్యాగ్రహం చేసి జైళ్లకు వెళ్లారు. సాంబమూర్తి 1942లో స్పీకరు పదవి కూడా వదులుకున్నాడు. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం కోయంబత్తూరులో తీర్మానాల మెట్టు దాటిపోయింది. సింగానల్లూరు దగ్గర రైలు పట్టాలు తప్పించారు, సూలూరు విమానాశ్రయం షెడ్లు తగలబెట్టారు. తర్వాత పోలీసులు ఊళ్ల మీద పడి కొట్టారు. 1800లో పాలెగాళ్లు చెప్పిన మాటే కోయంబత్తూరు మిల్లు కార్మికులూ పల్లెజనమూ మరోసారి చెప్పారు. సభ మూతపడినప్పుడు ధిక్కారం మళ్లీ వీధిలోకి వచ్చింది.

1946లో ఎన్నికైన సభ్యులు కూడా పాత ప్రమాణమే చేయాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్ 30న ప్రకాశం పంతులు ప్రధాని అయ్యాడు. కానీ ఈ సభ జూలైలో చేసిన ఒక పని అంతకుముందు చేసిన వాటన్నిటికంటే పెద్దది. రాజ్యాంగ సభకు ప్రతినిధుల్ని ఎన్నుకుంది. పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, దుర్గాబాయి, అనంతశయనం అయ్యంగార్ అలా వెళ్లారు. కోయంబత్తూరు నుంచి సి. సుబ్రమణ్యం, టి.ఎ. రామలింగం చెట్టియారు వెళ్లారు. 1937లో గిరి చేతిలో ఓడిన బొబ్బిలి రాజా కూడా ఆ రాజ్యాంగ సభలో ఉన్నాడు.

1946 డిసెంబర్ 9న ఢిల్లీలో ఆ సభ మొదలైనప్పుడు సభ్యులు ఒక్కొక్కరుగా వెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టారు. రాజు పేరు మీద ప్రమాణం అక్కడ లేదు. తొమ్మిదేళ్ల కిందట చెపాక్‌లో తప్పించుకోలేని మాట ఇప్పుడు అడిగేవాడే లేడు. డిసెంబర్ 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానం ప్రవేశపెట్టాడు. భారతదేశం స్వతంత్ర సర్వసత్తాక గణతంత్రమవుతుందని అందులో ఉంది. 1947 జనవరి 22న సభ్యులందరూ లేచి నిలబడి ఆమోదించారు. అప్పటికింకా దేశంలో నోట్ల మీదా నాణేల మీదా ఆరో జార్జి రాజు బొమ్మే ఉంది.

ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చినా రాజు వెంటనే వెళ్లలేదు. భారత చక్రవర్తి అనే బిరుదు 1948 జూన్ 22న పోయింది. దానికి ఒక్కరోజు ముందు, జూన్ 21న, రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆయన చేసిన ప్రమాణంలో భారత రాజ్యాంగానికి విధేయతతో పాటు ఆరో జార్జికి నమ్మకంగా ఉంటానన్న మాట కూడా ఉంది. 1939లో రాజు ప్రభుత్వానికి తీర్మానంతో ఎదురు నిలిచిన మనిషే ఆ రాజుకు భారతదేశంలో చివరి ప్రతినిధి. ఆ పదవిలో ఉండి ఆయన రాజు బాధ్యతను చక్కగా ముగించి, 1950 జనవరి 26న రాజేంద్ర ప్రసాద్‌కు అప్పగించాడు.

ఇక్కడ రోడ్ ఐలాండ్‌తో ఒక పోలిక చూడాలి. ఆ సభ రాజు పేరు కొట్టేసింది గానీ, 1663లో రెండో చార్లెస్ రాజు ఇచ్చిన పట్టా ప్రకారమే 1843 దాకా పాలన నడుపుకుంది. భారతదేశం ఆ పాత కాగితాన్ని కూడా ఉంచలేదు. రాజ్యాంగంలో చిట్టచివరి అధికరణం 395వది. 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టాన్నీ, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టాన్నీ అది రద్దు చేస్తుంది. రెండూ బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టాలు, రెండింటికీ రాజు ఆమోదం ఉంది. ఆ చట్టాల వల్లే అధికారం పొందిన సభ, వాటినే కొట్టివేసి, ఆ పనికి రాజు ఆమోదం అడగకుండా, తన అధ్యక్షుడి సంతకంతో అమలు చేసింది. ఒక్క వాక్యంలో అయిపోయిన పని. మద్రాసు సభ్యులు 1937లో ఏ చట్టం కింద విధేయత పలికారో ఆ చట్టం అక్కడితో చెల్లిపోయింది.

ఆ తర్వాత 1952లో మద్రాసు రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటుతో మొదటి ఎన్నికలు జరిగాయి. 1937లో ఓటు దొరకని పత్తి చేని కూలీ, ఆయన భార్య కూడా ఓటేశారు. మే 3న ప్రభుత్వ ఎస్టేట్‌లోని కొత్త భవనంలో 375 స్థానాల సభ చేరింది. శ్రీకాకుళం నుంచి తిరునల్వేలి దాకా, తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ జిల్లాల సభ్యులంతా ఒకే కప్పు కింద, భారత రాజ్యాంగానికి విధేయులమని ప్రమాణం చేసి, తమ తమ స్థానాల్లో కూర్చున్నారు.